మూడో మిల్లీమీటరు

మే నెల. అనంతపురం.
ట్యాంకరు వస్తేనే లేజరు వెలుగుతుంది.
గాజు గొట్టం చుట్టూ తిరగాల్సిన చల్లనీళ్ళు
హాస్టలు అమ్మాయిల బకెట్లతో పోటీపడి
మధ్యాహ్నం రెండింటికి ల్యాబు మెట్లెక్కుతాయి.

గొట్టానికి ఈ చివర రాగి అద్దం,
ఆ చివర జెర్మేనియం అద్దం.
మధ్యలో కంటికి కనబడని వెలుగు
పోతుంది, వస్తుంది, పోతుంది,
తిరిగిన ప్రతిసారీ కొంచెం పోగొట్టుకుని
కొంచెం కూడబెట్టుకుని.
పోయినదీ కూడినదీ సరిపోయిన చోట
దానికొక ఆకారం నిలుస్తుంది.
మేము దాన్ని మోడ్ అంటాం.
మద్దిలేటి వాలకం అంటాడు.

మద్దిలేటి మా మెకానిక్కు.
డోన్ అవతల పదకొండేళ్ళు బోరుబండి మీద పనిచేసి
చెవులు సగం పోయాక ఇక్కడ చేరాడు.
రాగి అద్దం నడిమధ్యన బెజ్జం వేసేది అతనే.
ముందు కిరోసిను, తర్వాత దణ్ణం,
ఆ తర్వాతే డ్రిల్లు.

ఒక మిల్లీమీటరు బెజ్జం: నాలుగు వాట్లు.
ఒకటిన్నర: ఏడు.
రెండు: తొమ్మిది దాటింది. ఆ రోజు అందరికీ
ఉగ్గాని బజ్జీ నా ఖర్చు.
"ఇంగా పెద్దది చేద్దామా మేడం?"
ఆశ నాదే, గొంతు అతనిది.

మూడు.

రెండున్నర వాట్లు.

అద్దం తుడిచాం. గొట్టం సరిచూశాం. మీటరును తిట్టాం.
కరెంటు పోయింది, వచ్చింది.
రెండున్నరే.

జెర్మేనియం చివర కారే సన్నటి ధార ఎదుట
పెట్టి చూడ్డానికి కాగితం లేదు,
వేడి తగిలితే నల్లబడే కాగితం. దాని ఆర్డరు
ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది.
మద్దిలేటి చొక్కా జేబులోంచి బస్సు టికెట్టు తీశాడు.
గుత్తి నుంచి అనంతపురం, డెబ్బై రూపాయలు.
"నల్లబడేది ఇదీ అంతే గదా."

అర సెకను.

మొన్నటిదాకా మచ్చ కాటుకచుక్కలా పడేది.
ఇప్పుడు గాజు.
గాజు గొట్టంలో పుట్టిన వెలుగు
గాజై బయటికొచ్చింది.
నల్లటి వలయం, నడుమ తెలుపు.
సరిగ్గా నేను బెజ్జం వేయించిన చోట
వెలుగు లేదు.

"కనుక్కునింది మేడం," అన్నాడు.
"మా ఊర్లో నీళ్ళూ ఇంతే. మున్నూరడుగులకు రొంత పడె.
ఆశకు పోయి ఎనమన్నూరు దించితిమి.
బెజ్జం సూసి పక్కకు జరిగె."

కాదన్నాను.
వెలుగుకు తెలివి లేదు, భయం లేదు,
దేన్నీ చూసి తప్పుకోలేదు.
ఎన్నో వాలకాలతో బయల్దేరింది.
నడిమిని నమ్ముకున్నది బెజ్జంలో పడి పోయింది.
అంచుల్లో తిరిగేది,
ఇన్నాళ్ళూ అద్దం ఒడ్డు దాటి చెదిరిపోతూ వెనకబడినది,
ఇప్పుడు తక్కువ నష్టంతో నిలబడింది.
నిలబడినదే పెరిగింది.
మోడ్ అంటే మిగిలినది, అంతే.

రాగి రజను అరచేతిలోకి పోగేస్తూ విన్నాడు.
"అయితే మనం రాబడి అని రాసుకునేది
దాని లెక్కపుస్తకంలో నష్టమనమాట."
నా థీసిస్‌లో ఆ వాక్యం లేదు.

రాత్రి రికార్డు ముందు కూచున్నాను.
రాగికి బెజ్జం వేయొచ్చు, పూడ్చలేం.
పూడ్చినా ఆ చోటు వెలుగుకు తెలిసిపోతుంది,
వెంట్రుకలో వందో వంతు ఎత్తుపల్లమున్నా.
కొత్త రాగిబిళ్ళకు ఇండెంటు పెట్టాను.
కారణం అన్న గడిలో
"ఆశ" అని రాసి, కొట్టేసి,
"పునఃపరీక్ష" అని రాశాను.

మర్నాడు మద్దిలేటి టికెట్టు అడిగాడు.
గుత్తి నుంచి డ్రిల్లు బిట్లు తెచ్చిన ఖర్చుకు
బిల్లు పెట్టుకోవాలంట.
గుమాస్తా దాన్ని కిటికీకి ఎత్తి చూశాడు.
ఊరి పేర్లు కాలిపోయాయి, తేదీ సగం పోయింది.
వలయం నడుమ, ఏమీ అంటకుండా,
డెబ్బై.

పాస్ చేశాడు.